నేల కింద రెయిన్‌కోటు

తిరుత్తణిలో ఇల్లు కట్టుకున్న ఏడాది మా ఇంటి ఆడవాళ్లం నవ్వినంతగా అంతకుముందు ఎప్పుడూ నవ్వి ఎరగం. ఆడవాళ్లమంటే ముగ్గురం. నేను, మా అత్త, నా ఆడబిడ్డ. మా ఆయన కాట్టుపల్లి ఓడరేవులో కాంట్రాక్టు పని చేస్తాడు. ఆదివారం వచ్చి, లేచిన గోడలను చేత్తో తట్టి చూసి, కడుపునిండా తిని, ఓ కునుకు తీసి వెళ్లిపోయేవాడు. దగ్గరుండి కట్టించింది మేమే.

మా ముగ్గురిలో అసలు పెత్తనం నా ఆడబిడ్డది. సివిల్ ఇంజనీరింగు చదివి చెన్నైలో ఉద్యోగం చేస్తుంది. నాకంటే చాలా చిన్నది. ఇంకా పెళ్లి కాలేదు. నోరు మాత్రం మా అత్తకంటే పెద్దది. నా ఆడబిడ్డ తమిళ బడిలో చదువుకుంది కాబట్టి తెలుగు మాట్లాడుతుందే గాని చదవలేదు. నేను నగరి పక్క పల్లెలో తెలుగు బడిలో చదివి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. ఇదంతా తెలుగులో రాస్తున్నానని తెలిసి, "నా గురించి ఏం రాస్తా ఉండావో అంతా చదివి వినిపించాల్సిందే వదినా, ఒక్క అక్షరం దాచినా ఊరుకోను" అని ముందే బెదిరించింది. అందుకని ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

అంతకుముందు మేం మణవాళనగర్‌లో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. రైల్వే స్టేషను దగ్గర, అన్నిటికీ అనువైన ఇల్లు, ఒక్క నేల తప్ప. వానాకాలం వస్తే ఆ నేల చెమట పట్టేది. రాత్రి పరిచిన చాప పొద్దున ఎత్తితే కింద తడి మరక. బియ్యం మూట కింద పీట, పీట కింద ఇటుకలు, ఇటుకల కింద ప్లాస్టిక్ కాగితం. బీరువా కాళ్లకు తుప్పు. గోడలు మోకాలి ఎత్తు దాకా ఉప్పు పూసి పొరలు పొరలుగా రాలేవి. నేల కూడా నిలకడగా ఉండేది కాదు. వానలకు పడకగది తలుపు బిగుసుకుపోయేది. మా ఆయన వడ్రంగిని పిలిచి అడుగున చెక్కించేవాడు. ఎండాకాలానికి అదే తలుపు కింద పిల్లి దూరేంత సందు. మళ్లీ వాన, మళ్లీ బిగుసుకోవడం. మా అత్త ఆ ఇంటిని "నిండు చూలాలు" అనేది. "వాన వానకీ కడుపు వస్తాది, ఎండకి పోతాది, దీనికి కాన్పే లేదు" అని పకపకా నవ్వేది.

అందుకే తిరుత్తణికి ఇవతల, తిరువళ్లూరు రోడ్డు పక్కన ఒక స్థలం కొన్నప్పుడు అత్త కోరిక ఒక్కటే. పైకప్పు ఎట్లా ఉన్నా సరే, నేల పొడిగా ఉండాలి. వట్టి నేల మీద చీర కొంగు పరుచుకుని పడుకోవాలి.

ఆ స్థలం ఒకప్పుడు వరిమడి. కొన్నది ఎండాకాలంలో. మొదటిసారి అందరం వెళ్లినప్పుడు నేలంతా బీటలు. మా అత్త చేతికర్ర ఒక బీటలో దిగబడి పిడి దాకా పోయింది. ఆమె దాన్ని లాగుతూ, "ఏందిరా ఇది, భూమి నోరు తెరుచుకుని ఉండాది!" అంది. మా ఆయన ముఖం వాడిపోయింది. నా ఆడబిడ్డ మాత్రం ఆ బీట పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టి, పండగ వచ్చినట్టు మొహం చేసుకుంది.

"సూపర్ మన్ను వదినా! ఇంత ఉబ్బే మన్ను నేను కాలేజీ ల్యాబులో కూడా చూడలే."

ఆ మన్ను ఒక గడ్డ ఇంటికి తెచ్చి, దంచి, జల్లించి, గాజు గ్లాసులో పోసింది. పొడి ఎంత ఎత్తు ఉందో అక్కడ గ్లాసు మీద నా బొట్టుబిళ్ల ఒకటి అంటించింది. తర్వాత నీళ్లు పోసి వంటింటి గట్టు మీద పెట్టింది. పొద్దున్నే అత్త కాఫీకి లేచి ఆ గ్లాసు చూసి కేకపెట్టింది. మన్ను బొట్టు దాటి పైకి వచ్చేసింది.

"దీనిపైనా నా ఇల్లు కట్టేది? ఇది పిండి పులిసినట్టు పొంగుతా ఉండాది గదే!"

"అదేమ్మా చెప్పేది," అంది కూతురు. "వానకు నీళ్లు తాగి ఉబ్బుతాది, ఎండకు ఆరి ముడుచుకుంటాది. దానిపైన నేరుగా నేల కాంక్రీటు పోస్తే, అది పైకి తోసేది ఒకసారి, కిందికి దిగేది ఒకసారి. మణవాళనగర్ తలుపు మాదిరి. పైగా కింద ఉండే తడి కాంక్రీటులో నుంచి మెల్లగా పైకి పాకుతాది. చూసేదానికి గట్టిగా ఉంటాదే గాని కాంక్రీటు కూడా తడి పీల్చుకుంటాది."

"అయితే స్థలం అమ్మేద్దామా?" అన్నాను నేను.

"యాడికి పోయి కొనేది? ఈ చుట్టుపక్కల మన్ను ఇంతే. దాన్ని తీసేసి వేరే మన్ను వేస్తాం. తడి రాకుండా అడ్డం పెడతాం. మిగతాది నాకు వదిలెయ్."

వదిలేశాం. అప్పటినుంచి మా ఇంట్లో మన్ను తప్ప వేరే మాట లేదు. గోడల కింద అడ్డంగా కాంక్రీటు బీములు కట్టించి, వాటి మధ్య ఉన్న నల్ల మన్నంతా లోతుగా తవ్వించింది. దాని స్థానంలో ఎర్ర గ్రావెల్ మన్ను తోలించింది. అదంతా ఒక్కసారిగా కుమ్మరించనివ్వలేదు. జానెడు మందం పొయ్యాలి, నీళ్లు చల్లాలి, మిషనుతో అదమాలి, మళ్లీ జానెడు పొయ్యాలి. ఆ మిషను పెట్రోలు పోస్తే ధడధడా గెంతుతూ మట్టిని గట్టిగా అదుముతుంది. మా అత్త పొద్దుటినుంచీ దాన్నే చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నానికి ఆగలేకపోయింది.

"మేస్త్రీ, నాకొకసారి ఇయ్యబ్బా."

"వద్దు పెద్దమ్మా, చేతులు లాగేస్తాది."

"సేద్యం చేసిన చేతులివి. ఇయ్యి!"

మేస్త్రి ఒక పక్క పట్టుకుని ఇంకో పక్క ఆమెకు ఇచ్చాడు. మిషను కదిలిందో లేదో మా అత్త చెంపలు, చెవి కమ్మలు, చీర కొంగు అన్నీ వణకడం మొదలుపెట్టాయి. ఏదో చెప్పాలని నోరు తెరిచింది. "ఏ-ఏ-ఏ-ఏమ్మే-మే-మే" అని మేకపిల్ల అరిచినట్టు మాట వచ్చింది. అది విని ఆమెకే నవ్వొచ్చింది, ఆ నవ్వు కూడా ముక్కలు ముక్కలుగా వచ్చింది. నేనూ ఆడబిడ్డా ఒకరిమీద ఒకరం పడి నవ్వాం. కూలీ ఆడవాళ్లు తట్టలు కింద పెట్టేసి మరీ నవ్వారు. ఆ తర్వాత రోజంతా అత్త ఎవరితో మాట్లాడాలన్నా ముందు "మే-మే" అని మొదలుపెట్టి మమ్మల్ని నవ్వించింది.

ఒక్క గొడవ మాత్రం జరిగింది. వంటింటి గోడ పక్కనే మునగచెట్టు నాటాలని అత్త పట్టు. చెట్టు వేళ్లు ఒక పక్క మన్నులో నీళ్లు లాగేస్తే ఆ పక్క కుంగుతుందని కూతురి వాదం. ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఆఖరికి స్థలం చివర, ప్రహరీ మూలలో చెట్టుకు చోటిచ్చారు. "కూరకు ఆకు కావాలంటే బస్సెక్కి పోవాల్సిందే" అని అత్త సణిగింది గాని, ఆ సాయంత్రమే కొమ్మ తెచ్చి నాటింది.

ఇదంతా అయ్యేసరికి ఆడి నెల, మన ఆషాఢం లాంటిది, వచ్చింది. ఆడిలో ఇక్కడ ఎవరూ కొత్తగా ఇల్లు మొదలుపెట్టరు. అందువల్ల మేస్త్రులు ఖాళీగా దొరుకుతారు. మా భూమిపూజ అంతకు రెండు నెలల ముందే, వైకాశిలోనే అయిపోయింది కాబట్టి ఇది మొదలుపెట్టడం కాదని అత్త తీర్పు చెప్పింది. నా ఆడబిడ్డ ఆఫీసుకు సెలవు పెట్టేసింది. ఎర్ర మన్ను మీద సన్నటి ఇసుక పరిపించి, చేత్తో తడిమి ఒక్క రాయి లేకుండా ఏరింది. దాని మీద మందపాటి నల్ల ప్లాస్టిక్ షీటు పరిపించింది. ఒక షీటు మీదికి ఇంకో షీటు మూరెడు ఎక్కేట్టు వేసి, అతుకులకు వెడల్పాటి టేపు తానే వంగి అంటించింది. అంచులు బీము మీదికి మడిచింది. కింది తడి పైకి రాకుండా ఆపేది ఆ షీటే. దాని మీద ఇనుప కమ్మి కట్టి, ఆపైన కాంక్రీటు పొయ్యాలి.

అన్నీ బాగానే ఉన్నాయి గాని, మర్నాడు ఆడికృత్తిక, తిరుత్తణి కొండ మీది స్వామికి పెద్ద పండగ. మేస్త్రి, కమ్మి కట్టేవాళ్లు, కాంక్రీటు మోసేవాళ్లు అందరూ కావడి ఎత్తే మొక్కున్నవాళ్లే. అందరూ కొండకు పోయారు. కృత్తిక అయ్యాక మర్నాడు కమ్మి, ఆ మర్నాడు కాంక్రీటు అని మాట. ఈలోపు షీటు ఒక్కటే నేలంతా పరుచుకుని ఉంది. అది లేవకుండా బరువుకని అంచుల్లో అక్కడక్కడ ఇసుక మూటలు. రాళ్లు పెడితే చిరుగుతుందని ఆడబిడ్డ పెట్టనివ్వలేదు.

కృత్తిక రోజు పొద్దున్నే మేం ముగ్గురం స్థలానికి వెళ్లాం. కాపలాకు కాదు. రోడ్డు మీద నడిచిపోయే కావడి భక్తులకు మజ్జిగ, చింతపులుసు అన్నం ఇవ్వాలని అత్త పెద్ద గిన్నెలో కలిపి, ఆకుల కట్టతో సహా ఆటోలో వేయించింది. మబ్బు పట్టి ఉంది. రోడ్డు నిండా పసుపు బట్టలు, పూల కావడులు, పాల బిందెలు, డప్పులు, అరోహరా కేకలు. అత్త మజ్జిగ పొయ్యడానికి చెంబు చేతిలోకి తీసుకుందో లేదో, గాలి లేచింది.

ఆడి గాలి ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. మొదట ఒక మూల మూట దొర్లింది. షీటు కిందికి గాలి దూరింది. ఇంటి మధ్యలో నల్లటి కడుపు ఒకటి లేచి నిలబడింది. నా ఆడబిడ్డ "అమ్మా! నా టేపు!" అని అరుస్తూ పరిగెత్తి దాని మీద బోర్లా పడింది. అక్కడ అణిగింది. గోడలింకా లేవు, బీములే గదుల హద్దులు; పక్క గదిలో లేచింది. నేను వెళ్లి దాని మీద కూర్చున్నాను. వంటింట్లో లేచింది. అత్త చెంబు పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు దోపుకుని, వంటింటి మధ్యలో చతికిలపడింది. మేం ముగ్గురం, ఇంటికి మూలలు నాలుగు. నాలుగోది పటపటా కొట్టుకుంటూనే ఉంది.

"వదినా, నువ్వు కాళ్లు చాపు!"

"ఎంత చాపినా నా కాళ్లు ముందుగది దాకా రావు పాపా!"

"దొర్లు వదినా, దొర్లు!"

దొర్లాను. నేను దొర్లిన చోటు ఖాళీ కాగానే అక్కడ లేచింది. నవ్వితే బలం పోతుంది, బలం పోతే షీటు పోతుంది, అది తెలిసీ నవ్వు ఆపుకోలేకపోతున్నాం. ఇక లాభం లేదని మా అత్త రోడ్డు వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి అరవంలో పిలిచింది.

"సామీ! వాంగ సామీ! ఇంగ వందు ఉక్కారుంగ సామీ!"

రండి, ఇక్కడ వచ్చి కూర్చోండి అని పిలుపు. పక్కనే అన్నం గిన్నె, ఆకుల కట్ట, మజ్జిగ. వాళ్లకు ఏం అర్థం కావాలో అదే అర్థమైంది. పసుపు బట్టల గుంపు ఒకటి రోడ్డు దిగి, కావడులు గట్టుకు ఆనించి వచ్చింది. ఆడబిడ్డ "చెప్పులు! చెప్పులు!" అని కేకలు వేస్తూ వాళ్ల కాళ్లకేసి చూసింది. ఒక్కరికీ చెప్పులు లేవు. మొక్కు నడక కదా. వాళ్లు ఎంతో ఒద్దికగా షీటు మీద వరసలు కట్టి, బాసిపెట్లు వేసుకుని కూర్చున్నారు. ఇంకో గుంపు వచ్చింది. ముందుగది నిండింది. పడకగది నిండింది. షీటు అణిగిపోయింది. అందరూ చేతులు కడుక్కుని ఆకు కోసం మా ముఖాలు చూస్తున్నారు.

ఒక్క క్షణం మేం ముగ్గురం బిత్తరపోయాం. తర్వాత అత్త లేచి నడుం బిగించింది.

"చూస్తారేందే? ఆకులెయ్యండి!"

ఇంకా గోడలు కూడా లేని ఇంట్లో మొదటి భోజనాలు అట్లా జరిగాయి. నేను వడ్డించాను. అత్త మజ్జిగ పోసింది. నా ఆడబిడ్డ వరసల మధ్య వంగి వంగి తిరుగుతూ, "అన్నా, మెతుకులు టేపు మీద పడనియ్యొద్దు. అక్కా, ఆ గాజులు కొంచెం పైకి లాక్కో. తాతా, ఆ వేలాయుధం ఇట్లియ్యి, నేను పట్టుకుంటా" అని బతిమాలుతోంది. ఆ తాత శూలం మొన చూసి ఆమెకు చెమటలు పట్టాయి. దాన్ని తీసుకుని, వడ్డన అయ్యేదాకా చేత్తో పట్టుకుని సేనానిలా నిలబడింది.

గుంపు పెద్ద ఒకాయన, గుబురు మీసాల లారీ డ్రైవరు, రెండోసారి అన్నం పెట్టించుకుంటూ కింద తట్టి చూసి అరవంలో అడిగాడు.

"ఇదేందమ్మా, అన్నదానానికి ప్లాస్టిక్ పరిచినారే, చాపలు దొరకలేదా?"

ఆడబిడ్డ శూలం పట్టుకునే ఉన్నదంతా చెప్పింది. మన్ను, ఉబ్బడం, తడి, షీటు, పొద్దుటి గాలి. ఆయన నమలడం ఆపి విన్నాడు.

"అంటే మమ్మల్ని పిలిచింది అన్నానికి కాదా?"

మా ముఖాలు చూసి ఆయనకు సంగతి తెలిసిపోయింది. ఎంత గట్టిగా నవ్వాడంటే పక్కవాడి మజ్జిగ ఒలికింది. ఆయన వరసకు చెప్పాడు, ఆ వరస వెనక వరసకు చెప్పింది. గదులు గదులుగా నవ్వు పాకింది.

"ఇల్లుకు రెయిన్‌కోటు వేస్తా ఉండారు, మనం బొత్తాలం!" అన్నాడు ఎవరో.

"రెయిన్‌కోటు పైన గదా వేసుకునేది?" అంది ఒక ముసలామె.

"దీనికి వాన కిందనుంచి వస్తాది అవ్వా," అంది నా ఆడబిడ్డ.

తిన్నవాళ్లు ఊరికే పోలేదు. కొందరు బరువుగా కూర్చునే ఉన్నారు, మిగతావాళ్లు పక్కన కుప్పగా ఉన్న ఇసుకను ఖాళీ సిమెంటు సంచుల్లో సగం సగం నింపి మూతులు కట్టారు. అతుకుల వెంబడి, గదుల మధ్యలో, మూలల్లో పెట్టారు. ఒక్కో మూట పెట్టినప్పుడల్లా అక్కడ కూర్చున్నవాళ్లు అరోహరా అంటూ లేచారు. ఒకచోట గట్టుకు ఆనించిన కావడి జారి, దాని బద్ద తగిలి షీటు వేలెడు చిరిగింది. ఆడబిడ్డ ముక్క కోసి, తుడిచి, చుట్టూ టేపు వేసి అతికింది. ఆఖరివాళ్లు లేచేసరికి గాలి అట్లాగే వీస్తోంది. షీటు మాత్రం కదల్లేదు.

డప్పులు మళ్లీ మొదలయ్యాయి. షీటు మీద ఎవరూ గెంతకూడదని అంతసేపూ గొంతు చించుకున్న నా ఆడబిడ్డ, శూలం దాని సొంతదారుకు ఇచ్చేసి, రోడ్డు మీదికి పోయి డప్పుల ముందు తానే గెంతింది. చేతికి టేపు చుట్ట గాజులా వేలాడుతూనే ఉంది. నన్నూ లాగింది. నేను జన్మలో రోడ్డు మీద ఆడినదాన్ని కాదు. ఆ రోజు ఆడాను. అత్త ఖాళీ గిన్నె మీద గరిటెతో తాళం వేసింది.

కృత్తిక మర్నాడు మేస్త్రి బృందం వచ్చింది. అందరివీ గుండ్లు, గుండ్ల మీద చందనం. ఎవరు ఎవరో గుర్తుపట్టలేక మా అత్త కమ్మి కట్టేవాణ్ణి మేస్త్రీ అని, మేస్త్రిని నాయనా అని పిలిచింది. కాంక్రీటు రోజున మా ఆయన కూడా సెలవు పెట్టి వచ్చాడు. అంచుల వెంట, నేలకూ, గోడలు లేవబోయే బీములకూ మధ్య సన్నటి సందు వదిలి మెత్తటి పట్టీ పెట్టారు. నేల కొంచెం కదిలినా గోడను తన్నకూడదని. తర్వాత రోజుల్లో కాంక్రీటు గట్టిపడాలని మట్టితో చిన్న గట్లు కట్టి నేల నిండా నీళ్లు నిలిపాం. ఎక్కడినుంచి వచ్చాయో తెల్ల కొంగలు నాలుగు వచ్చి మా హాల్లో నిలబడ్డాయి. చేపలు లేవని తెలిశాక కూడా పోలేదు. అత్త ట్యూబు పట్టుకుని వాటి కాళ్లకు కూడా నీళ్లు పట్టింది.

గోడలు లేపి, పైకప్పు వేసి, పాలు పొంగించి, కాపురం వచ్చేసరికి దీపావళి నెల, ఐప్పసి వానలు పట్టుకున్నాయి. మొదటి పెద్ద వాన రెండు రోజులు తెరిపివ్వలేదు. పక్క స్థలం చెరువైంది. మా ఇంటి చుట్టూ వాలుగా పోసిన సిమెంటు గట్టు మీదుగా చూరునీళ్లు దూరంగా జారి కాలవలో పడ్డాయి. ఆ గట్టుకూ ఇంటికీ మధ్య వెంట్రుక మందాన ఒక గీత పడింది. నేను గాభరాపడితే ఆడబిడ్డ గొడుగు వేసుకుని చూసి వచ్చి, "అది బయట కదలనీ వదినా. లోపలిది కదల్లేదు గదా, అదే మనకి కావాల్సింది" అని చప్పట్లు కొట్టింది.

లోపల అత్త గది గదికీ పోయి, వంగి, అరచేయి పెట్టి చూసింది. తర్వాత చేయి తిప్పి వెనక పక్కతో చూసింది. నమ్మకం కుదరక హాలు మధ్యలో పడుకుని చెంప ఆనించింది.

"ఏమమ్మా?" అని అడిగింది కూతురు.

అత్త కళ్లు మూసుకునే చెప్పింది. "పొడిగా ఉండాది. అప్పడం మాదిరి ఉండాది." నన్నూ పడుకోమంది. పడుకున్నాను. కూతురూ పడుకుంది. నట్టింట్లో ముగ్గురం చెంపలు నేలకు ఆనించి, బయట వాన చప్పుడు వింటూ, ఎందుకో తెలియకుండా కిలకిలా నవ్వుకున్నాం.

అప్పుడే తలుపు తెరుచుకుంది. కాట్టుపల్లి నుంచి మా ఆయన, తల నుంచి కాళ్ల దాకా కారుతూ. నేల మీద పడి ఉన్న మమ్మల్ని చూసి కంగారుపడి, "ఏమైంది? ఎవురు పడినారు?" అంటూ సంచితో సహా పరిగెత్తుకొచ్చాడు. అడుగు అడుగుకూ ఒక మడుగు.

మా అత్త తల ఎత్తి ఒక్క కేక వేసింది.

"ఆడే నిలబడరా! నా నేలంతా తడిపేస్తివి గదరా!"

ఆయన ఒంటికాలి మీద ఆగిపోయాడు. రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక మా ముగ్గురినీ చూస్తూ చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు.